రాత్రి 2 గంటల రీస్టార్ట్

ఈ సోమవారం వాట్సాప్‌లో ఒక క్రాన్‌ట్యాబ్ స్క్రీన్‌షాట్ వచ్చింది. పంపింది మాకు బాగా తెలిసినవాళ్ల అమ్మాయి, ఒక కంపెనీలో బ్యాకెండ్ టీమ్ చూసుకుంటుంది. నెలనెలా ఖాతాదారులకు స్టేట్‌మెంట్లు తయారుచేసి పంపే బ్యాచ్ జాబ్ ఒకటి వాళ్లను కొంతకాలంగా సతాయిస్తోంది. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాటాక మెమరీ చాలక పడిపోతుంది. స్క్రీన్‌షాట్‌లో చివరి లైను కొత్తగా చేర్చారు. రోజూ రాత్రి 2 గంటలకు ఆ ప్రాసెస్‌ను చంపి మళ్లీ మొదలుపెట్టమని దాని అర్థం. కింద మెసేజ్: "అంకుల్, ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోయింది!"

నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ మొదటి నుంచి చదువుతున్నవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. కొలవకుండా కోడ్ ముట్టుకోవద్దని, కారణం తెలియకుండా రీస్టార్ట్ చేయవద్దని రాసి రాసి మీకు విసుగు తెప్పించి ఉంటాను. ఆ అమ్మాయి మీద కాదు నా కోపం. రాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చునేది వాళ్లు, ఏదో ఒకటి చేసి నిద్రపోవాలనుకోవడంలో తప్పేముంది? కోపమంతా ఆ లైను మీదే. ఎందుకు పెట్టారో, ఎవరు పెట్టారో, ఎన్నాళ్లుండాలో అందులో ఒక్క ముక్క లేదు. ఏ పాత సర్వర్ తెరిచినా ఇలాంటివి రెండు మూడు కనబడతాయి. పెట్టినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరికీ దాన్ని తీసే ధైర్యం చాలదు.

ఫోన్ చేశాను.

"జాబ్ ఎక్కడ పడిపోతోందమ్మా?"

"మెమరీ అయిపోతోంది అంకుల్."

"అది ఎందుకు పడిపోతోందో చెప్పావు. ఎక్కడ, ఎన్నో ఖాతా దగ్గర?"

మెమరీ తగాదాలన్నిటిలో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. అన్నిటికన్నా తక్కువ మంది అడిగేదీ ఇదే. జాబ్ ప్రతిసారీ ఒకే ఖాతా దగ్గర పడిపోతోందా, లేక ఖాతా ఏదైనా సుమారు ఒకే సంఖ్య దాటాక పడిపోతోందా? ఒకే ఖాతా అయితే అది లీక్ కాదు. ఆ ఒక్క ఖాతాలో ఏదో అసాధారణంగా ఉంటుంది. లక్షల లావాదేవీలున్న పెద్ద సంస్థ ఖాతా కావచ్చు, ఒక్క దెబ్బకు అంతా మెమరీలోకి వచ్చి పడుతుంది. సంఖ్యను బట్టి అయితే ప్రతి ఖాతా వెళ్తూ వెళ్తూ ఏదో కాస్త వదిలేసి పోతోందని. ఈ తేడా పట్టుకోవడానికి ఏ సాధనమూ అక్కర్లేదు. ఖాతాల వరుస తిరగేసి నడిపితే తెలిసిపోతుంది. హీప్ పెంచి చూసినా తెలుస్తుంది.

హీప్ వాళ్లు ముందే పెంచారట. 2 జీబీ ఉన్నది 4 చేస్తే జాబ్ ఇంకొంత దూరం పోయి పడిపోయిందట. "ఇంకొంత అంటే ఎంత?" అన్నాను. లాగ్ తీసి చూసి, "దాదాపు రెట్టింపు ఖాతాలు" అంది. మెమరీ రెట్టింపు చేస్తే దూరం కూడా రెట్టింపు అయింది. ప్రతి ఖాతాకూ సమానంగా ఏదో మిగిలిపోతోందని ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది. పరిష్కారమనుకుని చేసిన పని నిజానికి మంచి పరీక్ష. ఫలితం రాసిపెట్టుకోకపోవడమే లోపం.

అదే కోడ్ పగలంతా వెబ్‌సైట్‌లో నిక్షేపంగా నడుస్తోంది. ఖాతాదారు లాగిన్ అయి స్టేట్‌మెంట్ అడిగితే క్షణంలో ఇస్తుంది. రాత్రి బ్యాచ్‌లో మాత్రం దానికే మెమరీ చాలదు. కొత్తవాళ్లకు ఇది అంతుపట్టదు. వెబ్ రిక్వెస్ట్ ఆయుష్షు ఎంత? మిల్లీసెకన్లు, మహా అయితే కొన్ని సెకన్లు. పది రికార్డులు వస్తాయి, పేజీ వెళ్తుంది, తెచ్చుకున్నదంతా అక్కడితో వదిలేస్తారు. సత్రంలో ఒక్క రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లు గదిలో ఏం పారేసినా ఫర్వాలేదు, వెనకాలే ఊడ్చేస్తారు. మనం వాడే ఫ్రేమ్‌వర్కులు చాలావరకు ఆ ఒక్క రాత్రి బస కోసం కట్టినవే. బ్యాచ్ జాబ్ అదే గదిలో తిష్ఠవేసే మనిషి.

పైథాన్‌వాళ్లకు తెలిసిన ఉదాహరణ చెప్తాను. జాంగోలో డీబగ్ ఆన్‌లో ఉంటే, నడిచిన ప్రతి ఎస్‌క్యూఎల్ క్వెరీని అది ఒక జాబితాలో దాస్తుంది. కొత్త రిక్వెస్ట్ మొదలైనప్పుడల్లా ఆ జాబితాను ఖాళీ చేస్తుంది. పద్ధతిగానే ఉంది కదా? కానీ బ్యాచ్ జాబ్‌లో కొత్త రిక్వెస్ట్ అనేది ఎప్పటికీ రాదు. ఊడ్చే పని ఉంది, ఊడ్చమని చెప్పేవాళ్లే లేరు. పాత వెర్షన్లలో ఆ జాబితాకు హద్దు కూడా ఉండేది కాదు, తర్వాత 9,000 క్వెరీల దగ్గర ఆపారు. ఎన్ని రాత్రిళ్ల పనులు ఆ ఒక్క జాబితా వల్ల కూలిపోయి ఉంటాయో!

వీళ్లది జావా, హైబర్నేట్. అందులో కథ ఇంకాస్త లోతుగా ఉంటుంది. హైబర్నేట్ సెషన్ తను డేటాబేస్ నుంచి తెచ్చిన ప్రతి రికార్డునూ గుర్తుపెట్టుకుంటుంది. రికార్డు ఒక్కటే కాదు, తెచ్చినప్పుడు అది ఎలా ఉందో ఆ విలువలను కూడా పక్కన పెట్టుకుంటుంది. మనం ఏమైనా మార్చామేమో తర్వాత పోల్చి చూడాలి కాబట్టి. సెషన్ తెరిచి ఉన్నంతసేపూ ఇవి పోవు. రిక్వెస్ట్‌లో సెషన్ క్షణంలో మూతపడుతుంది. బ్యాచ్‌లో ఒకే సెషన్ తెరిచి లక్షల ఖాతాల మీదుగా నడిపిస్తే అన్నీ అందులోనే పేరుకుపోతాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. మధ్యలో క్వెరీ వేసినప్పుడల్లా హైబర్నేట్ తన దగ్గరున్న రికార్డులన్నిటినీ మార్పుల కోసం పోల్చి చూస్తుంది కాబట్టి, జాబ్ పోనుపోను నెమ్మదిస్తుంది. మొదటి వెయ్యి ఖాతాలకు పట్టిన సమయం, పడిపోయే ముందు వెయ్యికి పట్టిన సమయం పక్కపక్కన పెట్టి చూడమన్నాను. పోలికే లేదు. మెమరీ గ్రాఫ్ తెరవకముందే లాగ్‌లో ఉన్న గడియారం అంతా చెప్పేసింది.

అయినా గ్రాఫ్ చూడాల్సిందే. జావా మెమరీ గ్రాఫ్ రంపపు పళ్లలా ఉంటుంది. చెత్త పేరుకుంటూ పైకి పోతుంది, గార్బేజ్ కలెక్టర్ నడవగానే కిందికి దిగుతుంది. జనం పైకొసలు చూసి కంగారుపడతారు. చూడాల్సింది అడుగులు. ప్రతి ఫుల్ జీసీ తర్వాత ఎంత మిగిలిందో ఆ అడుగులన్నిటినీ కలిపి గీత గీస్తే, అది చదునుగా ఉంటే భయం లేదు, మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే లీక్ ఉన్నట్టే.

ఆ తర్వాత జేమ్యాప్‌తో హిస్టోగ్రామ్ తీయించాను, బతికున్న ఆబ్జెక్టులు మాత్రమే. ఈ ఆదేశం ముందు ఫుల్ జీసీ చేయించి తర్వాత లెక్కపెడుతుంది కాబట్టి మిగిలినవన్నీ ఎవరో పట్టుకుని ఉన్నవే. జాబ్ మొదలైన కాసేపటికి ఒకటి, ఇంకాస్త ఆగి ఒకటి. ఒక్క హిస్టోగ్రామ్ చూస్తే ఏమీ తెలియదు, రెండిటి తేడాలోనే విషయం ఉంటుంది. అమ్మాయి చూసి, "బైట్ అరేలే పైనున్నాయి, తర్వాత స్ట్రింగులు. స్ట్రింగులే లీక్ అవుతున్నాయి అంకుల్" అంది. అందరూ ఇక్కడే పొరబడతారు. ఏ జావా ప్రోగ్రాం తీసుకున్నా పైన కనబడేవి అవే. లోకంలో డేటా అంతా చివరికి బైట్లే కదా. కిందికి దిగి, తమ సొంత క్లాసుల పేర్లు వెతకమన్నాను. మొదటి హిస్టోగ్రామ్‌లో వేలల్లో ఉన్న లావాదేవీ ఆబ్జెక్టులు రెండోదాంట్లో లక్షల్లో ఉన్నాయి.

ఏవి మిగిలాయో తెలిసింది. వాటిని పట్టుకున్నదెవరో తెలియాలి. హీప్ డంప్ తీసి ఎక్లిప్స్ మెమరీ అనలైజర్‌లో డామినేటర్ ట్రీ తెరిపించాను. ఒక్కో ఆబ్జెక్టు పక్కన రెండు అంకెలుంటాయి. తన సొంత బరువు ఒకటి, తను పోతే తనతోపాటు ఎంత మెమరీ విడుదలవుతుందో అది రెండోది. చూడాల్సింది రెండోదే. మొదటి వరుసలో స్టేట్‌ఫుల్ పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ కనబడింది. సొంత బరువు లెక్కలోకి రానంత, పట్టుకున్నది మాత్రం హీప్‌లో సింహభాగం. అంటే ఆ సెషనే. కొన్ని వందల ఖాతాలకొకసారి సెషన్‌ను ఫ్లష్ చేసి క్లియర్ చేయమన్నాను. రెండు లైన్లు. గ్రాఫ్ అడుగులు చదునయ్యాయి.

మెమరీని వెనక్కి తీసుకునే పని మనిషి చేతిలోంచి తప్పించాలని జాన్ మెకార్తీ 1959లో లిస్ప్ కోసం గార్బేజ్ కలెక్షన్ కనిపెట్టాడు. అది అద్భుతమైన ఆలోచన. కానీ ఎవరూ పట్టుకోనివాటినే అది తీసుకుపోగలదు. ఒకరు పట్టుకుని ఉన్నది నిజంగా అవసరమా కాదా అన్నది దానికి ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాల్సింది రాసినవాళ్లే.

అనవసరపు రాద్ధాంతమని అనుకునేవాళ్ల కోసం లండన్ అంబులెన్స్ సంగతి మళ్లీ చెప్పాలి. ఈ కాలమ్‌లో ఇదివరకు ఆ పేరు వచ్చింది గానీ పూర్తిగా రాయలేదు. 1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీస్ కంప్యూటర్ ద్వారా అంబులెన్సులు పంపే కొత్త పద్ధతిలోకి మారింది. 600 చదరపు మైళ్ల పైచిలుకు నగరం, రోజుకు 2,000 నుంచి 2,500 ఫోన్లు. మొదటి రెండు రోజుల్లోనే గందరగోళం. ఏ బండి ఎక్కడుందో కంప్యూటర్‌కు సరిగ్గా తెలియలేదు. ఒకే ప్రమాదానికి రెండు బండ్లు వెళ్లేవి, కొన్నిటికి ఎంతసేపటికీ ఏదీ వెళ్లేది కాదు. దాంతో సగం కంప్యూటర్, సగం మనుషులు అన్న పద్ధతిలోకి వచ్చి వారం రోజులు ఎలాగో నెట్టుకొచ్చారు. ఆ రెండు రోజుల గురించి పాఠ్యపుస్తకాల్లో చాలా రాశారు. నన్ను పట్టి కుదిపింది మాత్రం ఆ తర్వాత జరిగింది.

నవంబర్ 4, తెల్లవారుజామున 2 దాటాక, ఆ సగం కంప్యూటర్ కూడా మొరాయించి ఆగిపోయింది. రెండో సర్వర్ అందుకోవాలి, అందుకోలేదు. ఆ ఏర్పాటును సరిగ్గా పరీక్షించి లేదు. నియంత్రణ గదిలోనివాళ్లు పూర్తిగా కాగితాలకు, ఫోన్లకు మళ్లారు. వేళ కాని వేళ కాబట్టి, ఫోన్లు తక్కువగా వచ్చే సమయం కాబట్టి బతికిపోయారు. 1993 ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక కారణం రాసింది. ఆ రాత్రికి సుమారు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ ఏదో పనిచేస్తూ చిన్న కోడ్ ముక్కను పొరపాటున అందులో వదిలేశాడు. ఒక్కో బండిని పంపినప్పుడల్లా ఆ ముక్క ఫైల్ సర్వర్‌లో కాస్త మెమరీ తీసుకునేది, తిరిగి ఇచ్చేది కాదు. మూడు వారాలు పంపిన ప్రతి అంబులెన్సూ కాస్త కాస్త తినేసింది. చివరికి ఏమీ మిగల్లేదు.

నిర్లక్ష్యం, మార్పులను సరిచూసే పద్ధతి లేకపోవడం అని నివేదిక నిర్మొహమాటంగా రాసింది. అదే నోటితో, ఈ తరహా లోపం మామూలు పరీక్షల్లో దొరికే అవకాశం తక్కువని కూడా ఒప్పుకుంది. నిజమే. పరీక్షలో వంద బండ్లు పంపి చూస్తారు, వెయ్యి పంపుతారు. మూడు వారాలు ఎవరు నడిపి చూస్తారు? లీక్ అంటే కాలంతో పాటు పెరిగే తప్పు. మన పరీక్షలన్నీ నిమిషాల్లో ముగుస్తాయి.

ఇంతవరకు వచ్చాక, కారణం వెతికారు, దొరికింది, రెండు లైన్లతో సరిచేశారు, ఇక ఆ 2 గంటల లైను తీసేయండి అని రాసి ముగించాలనుకున్నాను. బుధవారం మళ్లీ ఫోన్ వచ్చింది.

జాబ్ మునుపటికన్నా చాలా దూరం వెళ్లింది, చివరి గంటలో ఎక్కడో చచ్చిపోయింది. ఈసారి జావా లాగ్‌లో ఏ ఎర్రరూ లేదు, హీప్ డంప్ లేదు. కంటైనర్ మాత్రం 137 అన్న ఎగ్జిట్ కోడ్ ఇచ్చి ఆగిపోయింది. 137 అంటే 128, దానిమీద 9. తొమ్మిదో సిగ్నల్ అంటే లినక్స్ కెర్నెల్ మెడ పట్టి గెంటేసిందని. ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ ఆపలేదు, చివరి మాట చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు. డీమెసేజ్‌లో మాత్రం కెర్నెల్ తను చేసిన పని రాసిపెట్టింది. హీప్ గ్రాఫ్ చదునుగానే ఉంది, ప్రాసెస్ మొత్తం వాడుతున్న మెమరీ మాత్రం నిదానంగా ఎక్కుతోంది. అంటే లీక్ జావా హీప్ బయట ఉంది. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ ఒకటి లోపల సీ భాషలో రాసిన భాగాన్ని పిలుస్తుంది. ఒక్కో పీడీఎఫ్‌కూ అది కాస్త దాచుకుంటోంది. పీడీఎఫ్ దశ ఆపి నడిపితే గీత చదునవుతోంది. లైబ్రరీ వీళ్లది కాదు, కోడ్ వీళ్ల చేతిలో లేదు. లైబ్రరీ కంపెనీవాళ్లను అడిగితే తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. స్టేట్‌మెంట్లు నెలాఖరుకు వెళ్లాలి.

"ఇప్పుడేం చేద్దాం అంకుల్?"

ఆ రాత్రి లండన్ నివేదికలోని ఆ పేజీలు మళ్లీ తీశాను. ఈసారి వేరే ప్రశ్నతో చదివాను. ఆ సర్వర్‌ను ఎవరైనా వారానికొకసారి, ఫోన్లు తక్కువగా ఉన్న వేళ, పద్ధతిగా ఆపి మొదలుపెట్టి ఉంటే? నవంబర్ 4న ఏమీ జరిగేది కాదు. దీన్ని తోసిపుచ్చడానికి నాకు జవాబు దొరకలేదు. అవతల అంబులెన్స్ కోసం మనిషి ఎదురుచూస్తుంటే నా సూత్రం ఎవరిని కాపాడుతుంది?

ఇంకో సంఘటన గుర్తొచ్చింది. అది మెమరీ కథ కాదు, గడియారం కథ, కానీ ఎక్కువసేపు నడవడం వల్ల వచ్చిన చేటే. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ దూసుకొస్తున్న స్కడ్‌ను అడ్డుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ అప్పటికి 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తోంది. కాలాన్ని లెక్కించడంలో సూక్ష్మమైన దోషం గంట గంటకూ పెరిగి 0.34 సెకన్లకు చేరింది. స్కడ్ వేగానికి అది అర కిలోమీటరుకు పైనే. ఈ దోషం సంగతి ముందే తెలుసు. 8 గంటలు నడిస్తేనే తేడా కనబడుతోందని ఇజ్రాయెల్ నుంచి సమాచారం వచ్చింది. ఫిబ్రవరి 21న వాడుకదారులకు హెచ్చరిక కూడా వెళ్లింది. అందులో చాలా ఎక్కువసేపు నడిపితే ఇబ్బంది అని ఉంది. ఎంతసేపో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది 26న, ఒక్క రోజు ఆలస్యంగా. రీస్టార్ట్ చేయడానికి పట్టేది నిమిషం, నిమిషంన్నర. హెచ్చరికలో ఎన్ని గంటలో ఒక అంకె రాసి ఉంటే ఆ నిమిషం ఎవరో ఒకరు కేటాయించేవారు.

ఇంతకాలం నేను రీస్టార్ట్‌కు వ్యతిరేకంగా రాసినదంతా ఈ వారం మరోసారి తిరగేశాను. పాత సాధనాలు కట్టినవాళ్లు ఈ విషయంలో మొదటి నుంచీ స్పష్టంగా ఉన్నారు. అపాచీలో ఒక్కో చైల్డ్ ప్రాసెస్ ఇన్ని కనెక్షన్ల తర్వాత చనిపోవాలని పెట్టుకునే సెట్టింగ్ ఉంది. అది ప్రమాదవశాత్తూ జరిగే మెమరీ లీక్‌కు హద్దు పెట్టడానికేనని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో, గునికార్న్‌లో, సెలరీలో అలాంటివే ఉన్నాయి. ప్రాసెస్ చనిపోతే దాని మెమరీ అంతా ఆపరేటింగ్ సిస్టమ్ తిరిగి తీసేసుకుంటుంది, అందులో ఏ లైబ్రరీ మొహమాటమూ చెల్లదు. మన కోడ్‌లో లీక్‌ను వెతికి మూయాలి. మన చేతిలో లేనిదానికి ఆయుష్షు నిర్ణయించాలి. రెండూ వృత్తిలో భాగమే. రాత్రి జాబ్‌కు కూడా పగటి రిక్వెస్ట్‌లాంటి పొట్టి జీవితం ఇవ్వడమే అన్నిటికన్నా శుభ్రమైన డిజైన్ అని ఇప్పుడు నా అభిప్రాయం.

అంటే ఆ 2 గంటల లైను సరైనదేనా? కాదు. 2 గంటలకు చంపితే ఆ క్షణంలో తయారవుతున్న స్టేట్‌మెంట్ గతేమిటి? మళ్లీ మొదలైన జాబ్ ఎక్కడి నుంచి అందుకుంటుంది? ఎవరికి రెండుసార్లు వెళ్తుంది, ఎవరికి అసలు వెళ్లదు? ఖాతాదారులు పెరిగి జాబ్ 2 గంటలకు ముందే నిండిపోతే? ఆ అమ్మాయి బృందం గురువారం వేరే పని చేసింది. వెయ్యి పీడీఎఫ్‌లకు ప్రాసెస్ ఎంత పెరుగుతోందో కొలిచారు. కంటైనర్ పరిమితిలోంచి హీప్‌ను, జావా సొంత ఖర్చును తీసేసి, మిగిలినదాన్ని ఆ పెరుగుదలతో భాగించారు. వచ్చిన సంఖ్యలో సగం తీసుకుని, అన్నేసి ఖాతాలకొక ప్రాసెస్ అని విడగొట్టారు. ప్రతి ప్రాసెస్ తన వంతు ముగించి తనంతట తనే చనిపోతుంది. ఎక్కడివరకు పూర్తయిందో డేటాబేస్‌లో రాసి ఉంటుంది, తర్వాతిది అక్కడ అందుకుంటుంది. లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ కొలవాలని, పాత పెరుగుదల ఇంత అని, కొలిచిన తేదీ ఇది అని కోడ్‌లోనే రాశారు.

మీ సర్వర్లలో కూడా ఇలాంటి లైన్లు ఉంటాయి. ఈ వారం ఒకసారి తెరిచి చూడండి. పక్కన కారణం, అంకె, తేదీ లేని రీస్టార్ట్ కనబడితే కోపంతో వెంటనే తీసేయకండి, దాని మీద ఆధారపడి ఏం నిలబడి ఉందో మీకు తెలియదు. ముందు ఒక రాత్రి కూర్చుని పెరుగుదల కొలవండి, కొలిచింది ఆ లైను పక్కనే రాయండి. మీ తర్వాత ఆ సర్వర్ చూసేవాళ్లకు అది కావాలి.